ఆంప్ గ్రిల్ క్లాత్ మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న: నా దగ్గర పన్నెండు అంగుళాల స్పీకర్ ఒకటి ఉన్న వాల్వ్ (గాజు గొట్టాలతో పనిచేసే) గిటార్ ఆంప్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. సౌండ్ చాలా బాగుంటుంది. కానీ స్పీకర్ ముందువైపు ఉండే గుడ్డని, అంటే గ్రిల్ క్లాత్‌ని, పిల్లి గోళ్లతో గీరి చింపేసింది. ఒక మూల ఊడి వేలాడుతోంది, సిగరెట్ వాసన కూడా పట్టేసింది. నేనే మార్చుకుందామనుకుంటున్నాను. ఇదివరకు ఒక స్టూలుకి రెక్సిన్ వేశాను, అంతకు మించి అనుభవం లేదు. ఇంట్లో మిగిలిన కర్టెన్ గుడ్డ వాడితే సౌండ్ మారుతుందా? వాల్వ్ ఆంప్ ఆఫ్ చేసినా షాక్ కొడుతుందని ఒక ఫ్రెండ్ భయపెట్టాడు, నిజమేనా? గుడ్డ మీద గీతలు వంకర పోకుండా ఎలా బిగించాలి?

సమాధానం: తప్పకుండా మీరే మార్చుకోండి. స్క్రూడ్రైవర్ వాడటం, కత్తెరతో తిన్నగా కత్తిరించడం వస్తే చాలు. ఒక సెలవు రోజు దీనికే కేటాయించండి, సాయంత్రం ప్రోగ్రాం ఉందన్న రోజున మాత్రం మొదలుపెట్టకండి. షాక్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే అది తెలియకుండా ఆంప్ వెనక చెయ్యి పెట్టకూడదు. గీతల గురించి ఎక్కువ చెప్తాను. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది.

మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. వాల్వ్ ఆంప్ లోపల మామూలుగా 300 నుంచి 500 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. దాన్ని నిలకడగా ఉంచే పెద్ద కెపాసిటర్లు ప్లగ్ పీకేశాక కూడా చార్జ్‌ని పట్టుకుని ఉండగలవు. కొన్ని ఆంప్‌లలో అది త్వరగానే దిగిపోతుంది, కొన్నిటిలో చాలాసేపు మిగిలిపోతుంది. బయటి నుంచి చూసి ఏది ఎలాంటిదో చెప్పలేం. అయితే ఆ కెపాసిటర్లు ఉండేది ఛాసిస్ అనే రేకు పెట్టెలో, లేదా దానికే బిగించిన ఒక మూత కింద. గ్రిల్ క్లాత్ మార్చడానికి చాలా ఆంప్‌లలో ఆ పెట్టె జోలికి వెళ్లనక్కర్లేదు. ప్లగ్ పూర్తిగా గోడ నుంచి తీసేయండి, స్విచ్ ఆఫ్ చేసి ఊరుకోవద్దు. వాల్వులు చల్లారేదాకా ఆగండి. ఛాసిస్‌ని కదపకండి, తెరవకండి. ఇంతవరకూ పాటిస్తే టెన్షన్ పడాల్సిన పని లేదు.

ఛాసిస్ దించితే తప్ప ముందు చెక్క బయటికి రాని ఆంప్‌లు కూడా కొన్ని ఉన్నాయి. మీది అలాంటిదైతే ఆ ఒక్క పనీ ఆంప్ రిపేరు తెలిసినవాళ్లతో చేయించండి. వాళ్లు దించి, చార్జ్ తీసేసి ఇస్తారు, మిగతాది మీరు చేసుకోవచ్చు. కెపాసిటర్ డిశ్చార్జ్ చేయడం చదివి నేర్చుకుని మొదటిసారి ఒంటరిగా ప్రయత్నించాల్సిన పని కాదని నా గట్టి అభిప్రాయం.

షాక్‌తో సంబంధం లేని ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వాల్వ్ ఆంప్‌ని స్పీకర్ కనెక్షన్ లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకూడదు. వాల్వుల నుంచి వచ్చే శక్తి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ గుండా స్పీకర్‌కి వెళ్లాలి. అవతల స్పీకర్ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజ్ విపరీతంగా పెరిగి దాని చుట్ల మీది ఇన్సులేషన్ కాలిపోవచ్చు. పని మధ్యలో ‘ఒకసారి ఆన్ అవుతుందేమో చూద్దాం’ అనిపిస్తుంది. చూడకండి. పవర్ కార్డు ఊడదీసే రకమైతే అసలు వేరే గదిలో పెట్టేయండి.

ఇప్పుడు ఆంప్‌ని వెనక్కి తిప్పి, టార్చి వేసి, అది ఎలా కట్టారో ఓపిగ్గా చూడండి. గుడ్డ ఎక్కడ అతికి ఉందన్నదాన్ని బట్టి పని రెండు రకాలుగా ఉంటుంది. కొన్నిటిలో గుడ్డని సన్నటి చెక్క ఫ్రేమ్ మీద బిగించి, ఆ ఫ్రేమ్‌ని ముందు నుంచి వెల్క్రోతోనో, వెనక నుంచి స్క్రూలతోనో పట్టించి ఉంచుతారు. 1970ల ఫెండర్ ఆంప్‌లలో ఈ వెల్క్రో పద్ధతి బాగా కనిపిస్తుంది. అలాంటిదైతే మీ అదృష్టం. స్పీకర్ని ముట్టుకోకుండానే ఫ్రేమ్ చేతికొస్తుంది. అంచు కింద పలచటి, వెడల్పాటి వస్తువు ఏదైనా దూర్చి, ఒకే చోట బలంగా పెకలించకుండా చుట్టూ కొద్దికొద్దిగా లేపండి.

రెండో రకంలో గుడ్డ నేరుగా బ్యాఫిల్ మీదే ఉంటుంది. బ్యాఫిల్ అంటే స్పీకర్ని బిగించే గుండ్రటి రంధ్రం ఉన్న చెక్క. గుడ్డ దాని ముందు భాగాన్ని కప్పి, అంచుల మీదుగా వెనక్కి మడిచి స్టేపుల్ పిన్నులతో కొట్టి ఉంటుంది. అప్పుడు స్పీకర్ తీయాలి, బ్యాఫిల్‌ని పట్టిన స్క్రూలు తీయాలి, చెక్కని బయటికి లాగాలి. స్క్రూలేవీ కనబడకుండా బ్యాఫిల్ పెట్టెలోకి జిగురుతో అతికి ఉంటే దాన్ని ఊడబెరకాలని చూడకండి. అలాంటి వాటిలో సాధారణంగా గుడ్డకి వేరే ఫ్రేమ్ ఉంటుంది. మళ్లీ ముందువైపు వెతకండి.

1968-69 కాలపు కొన్ని ఫెండర్ ఆంప్‌లకి గ్రిల్ చుట్టూ సన్నటి అల్యూమినియం పట్టీ ఉంటుంది. మార్షల్ క్యాబినెట్లకి చాలావాటికి గుడ్డ అంచున తెల్ల పైపింగ్ (తాడులాంటి సన్నటి అంచు పట్టీ) ఉంటుంది. ఇవి వంగినా తెగినా సరిజోడు దొరకడం కష్టం. గుడ్డకన్నా ముందు వీటిని కాపాడుకోవాలి. మీ ఆంప్‌కి ఇలాంటిది ఏదైనా ఉంటే ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ మాటకొస్తే ప్రతి దశలోనూ ఫొటో తీయండి. ఏ వాషర్ ఎక్కడిదో తిరిగి బిగించేటప్పటికి గుర్తుండదు.

గుడ్డ మార్చాలా వద్దా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. ఆంప్ పాతకాలపుదై, ఫ్యాక్టరీలో వేసిన గుడ్డే ఇంకా ఉంటే, పాత వస్తువులు సేకరించేవాళ్లు ఆ గుడ్డకి విలువ ఇస్తారు. చిన్న చిరుగైతే వెనక నుంచి నల్లటి పలచటి గుడ్డముక్క పెట్టి, చిరుగు అంచుల వరకే కొద్దిగా జిగురు రాసి అతికించుకోవచ్చు. మురికి మాత్రమే అయితే మెత్తటి బ్రష్ పెట్టిన వాక్యూమ్‌తో దుమ్ము లాగేసి, సబ్బు నురగతో పైపైన తుడిస్తే ఆశ్చర్యపోయేంత తేడా వస్తుంది. నీళ్లు కారేలా తడపకూడదు, వెనకే స్పీకర్ కాగితపు కోన్ ఉంది. మీరు చెప్పినదాన్ని బట్టి చిరుగు పెద్దది, మూల ఊడిపోయింది, వాసన పట్టింది. కాబట్టి మార్చడమే మంచిది. తీసిన పాత గుడ్డని మాత్రం పారేయకండి. రేపు ఆంప్ అమ్మాల్సి వస్తే అది కూడా ఇవ్వొచ్చు. అంతకన్నా ముందు, ఈ పనిలోనే అది మీకు అవసరం.

స్పీకర్ తీసేటప్పుడు ఆంప్‌ని ముఖం కిందికి వచ్చేలా మెత్తటి దుప్పటి మీద పడుకోబెట్టండి. అప్పుడు బోల్టులు వదులయ్యాక స్పీకర్ జారి పడిపోదు. వైర్ ఏది ప్లస్‌కి, ఏది మైనస్‌కి వెళ్తోందో టేప్ ముక్కల మీద రాసి అంటించండి. క్లిప్పులైతే నోస్ ప్లేయర్‌తో మెల్లగా లాగొచ్చు. సోల్డర్ చేసి ఉంటే టెర్మినల్‌ని వంచకుండా వేడి చేసి విడదీయాలి. బోల్టులు తీస్తున్నప్పుడు ఒక చేత్తో స్క్రూడ్రైవర్‌కి అడ్డం పెట్టండి. స్పీకర్ వెనక ఉన్న అయస్కాంతం చాలా బలమైనది, ఇనప పనిముట్టుని ఒక్కసారిగా లాక్కుంటుంది. ఆ జారుడులో కోన్ చిరిగిందంటే గుడ్డతో పోయేది స్పీకర్ దాకా వస్తుంది. పన్నెండు అంగుళాల స్పీకర్ మూడు నుంచి ఐదు కిలోల దాకా తూగుతుంది, రెండు చేతులతో తిన్నగా పైకి ఎత్తి ఒక అట్టపెట్టెలో పెట్టి మూసేయండి. పిల్లి ఉన్న ఇల్లు కదా, మూత తప్పనిసరి.

ఇక పాత గుడ్డ. దాన్ని లాగి చింపేయాలనిపిస్తుంది కానీ, అది మీకు దొరికిన నమూనా. పిన్నుల్ని ఒక్కొక్కటిగా సన్నటి స్క్రూడ్రైవర్‌తో సగం లేపి, ప్లేయర్‌తో పట్టి లాగండి. దుమ్ము బాగా లేస్తుంది, మాస్కు పెట్టుకోండి. తీసేముందు గుడ్డ మీద పైన ఏది, ముందు ఏది అన్నది సుద్దతో గుర్తు పెట్టండి. మడత ఎంత వెనక్కి వెళ్లింది, మూలల్ని ఎలా కత్తిరించారు, పిన్నులు ఎంత దూరంలో కొట్టారు అన్నవి చూడండి. కొత్త గుడ్డ పాతదానికన్నా మందమైతే బ్యాఫిల్ తిరిగి పెట్టెలోకి పట్టకపోవచ్చు. అందుకని పాత గుడ్డ మందం కూడా వేళ్ల మధ్య పెట్టి గుర్తుంచుకోండి.

చెక్క ఖాళీ అయ్యాక విరిగిన పిన్నుల ముక్కలు, ఎండిన జిగురు గీకేసి, ఉప్పు కాగితంతో అంచుల్ని కొద్దిగా రుద్దండి. పదును అంచు కాలక్రమంలో గుడ్డని కోస్తుంది. తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. బ్యాఫిల్ ముందు భాగానికి మెరుపు లేని నల్ల రంగు వేయండి. గ్రిల్ క్లాత్ నేత సందుల్లోంచి లోపలిది కనబడుతుంది. పచ్చి చెక్క రంగు మధ్యలో నల్లటి గుండ్రటి రంధ్రం ఉంటే వెలుతురు పడినప్పుడల్లా ఆ గుండ్రం గుడ్డ మీద అచ్చు వేసినట్టు తెలుస్తుంది. అంతా నలుపైతే కంటికి గుడ్డ ఒక్కటే కనిపిస్తుంది. రంగు పూర్తిగా ఆరాలి, వాసన కూడా పోవాలి. ఈలోపు గుడ్డ సంగతి చూద్దాం.

మందపాటి కర్టెన్ గుడ్డ వద్దు. గ్రిల్ క్లాత్ స్పీకర్‌కి రక్షణ, అందం మాత్రమే కాదు, శబ్దం దాని గుండానే బయటికి రావాలి. నేత దగ్గరగా ఉన్న గుడ్డ ముందుగా పై స్థాయి శబ్దాలని మింగేస్తుంది. గిటార్ తీగని పిక్‌తో మీటినప్పుడు వచ్చే తొలి పదును తగ్గి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. అలాగని అతిగా భయపడనక్కర్లేదు. గిటార్ స్పీకర్లు మామూలుగా 5 కిలోహెర్ట్జ్ దాటాక తమంతట తామే వేగంగా తగ్గిపోతాయి. ట్వీటర్ (పై స్థాయి శబ్దాల కోసం పెట్టే చిన్న స్పీకర్) ఉన్న హైఫై స్పీకర్ల ముందు తేడా తెచ్చే గుడ్డ కూడా గిటార్ ఆంప్ ముందు పెద్దగా తెలియకపోవచ్చు. గిటార్ ఆంప్‌ల కోసమే నేసిన గుడ్డల్లో ఒకదానికి ఇంకొకదానికి సౌండ్ తేడా చాలా తక్కువ. కాబట్టి వాటిలో నచ్చిన రంగు, నేత ఎంచుకోండి.

వేరే ఏదైనా గుడ్డ వాడాలనుకుంటే రెండు పరీక్షలు చేయండి. గుడ్డని నోటికి ఆనించి ఊదండి, అవతల పెట్టిన అరచేతికి గాలి ధారాళంగా తగలాలి. దీపానికి ఎదురుగా పట్టండి, నేత సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనబడాలి. ఇవి రెండూ సరిపోయినా ఇంకా చూడాల్సినవి ఉన్నాయి. ఐమూలగా లాగితే బాగా సాగిపోయే గుడ్డని తిన్నగా నిలబెట్టడం కష్టం. పోగులు వదులుగా జారే గుడ్డ పిన్ను దగ్గర విచ్చుకుపోతుంది. గోనెలాంటి ముతక గుడ్డ గాలిని బాగానే వదులుతుంది కానీ పీచు రాలుస్తుంది, గాలిలో తేమ మారితే వదులవుతుంది. టీషర్టులా సాగే పలచటి స్పీకర్ గుడ్డ సౌండ్‌కి మంచిదే, అయితే కాలి బూటు నుంచి గానీ పిల్లి గోరు నుంచి గానీ కోన్‌ని కాపాడలేదు. మీ ఇంటి పరిస్థితికి గట్టిగా నేసిన ప్లాస్టిక్ పోగుల గుడ్డే సరైనది. 1960ల ఫెండర్ ఆంప్‌ల మీద కనిపించే వెండి మెరుపు గుడ్డ ఆ కోవలోదే.

మొదటిసారి చేస్తున్నారు కాబట్టి రంగు కన్నా నేత గురించి ఎక్కువ ఆలోచించమంటాను. స్పష్టమైన నిలువు గీతలున్న గుడ్డ చిన్న వంకరని కూడా దాచదు. వాక్స్ ఏసీ30 మీద కనిపించే వజ్రాల గళ్ల నేత ఇంకా కష్టం, ఒక మూల కాస్త ఎక్కువ లాగితే ఆ వరసలోని గళ్లన్నీ సాగి కనబడతాయి. నలుపు తెలుపు చుక్కలు కలిసిన మార్షల్ తరహా ‘సాల్ట్ అండ్ పెప్పర్’ నేత, లేదా పూర్తి నలుపు చాలావరకు క్షమిస్తాయి. అయితే మీ ఆంప్‌కి అసలు ఉన్నది గీతల గుడ్డే అయితే, అదే వేయడానికి వెనకాడకండి. ఓపిక ఉంటే వస్తుంది.

కత్తిరించేటప్పుడు బ్యాఫిల్ కొలతకి నాలుగు వైపులా కనీసం ఐదు సెంటీమీటర్లు అదనంగా వదలండి. పట్టుకుని లాగడానికి చేతికి గుడ్డ ఉండాలి, మిగిలింది చివర్లో కోసేయొచ్చు. కత్తెర పెట్టే చోట ముందే మాస్కింగ్ టేప్ అంటించి, ఆ టేప్ మధ్యలోంచి కత్తిరిస్తే అంచు పోగులు ఊడిపోవు. కత్తిరింపు ఒకే పోగు వెంబడి సాగాలి. స్కేలు పెట్టి గీసిన గీత పోగుల దారిలో లేకపోతే పోగునే నమ్మండి.

ఇప్పుడు మీ స్టూలు అనుభవం గురించి. రెక్సిన్ వేసేటప్పుడు మనం నాలుగు వైపులా బలం కొద్దీ లాగి కొడతాం. కింద స్పాంజి ఉంటుంది, అది ముడతల్ని తీసుకుంటుంది. రెక్సిన్‌కి గీతలు లేవు కాబట్టి ఎటు ఎంత సాగిందో ఎవరికీ తెలియదు. ఆ చేతివాటం ఇక్కడికి తీసుకురాకండి. గ్రిల్ క్లాత్‌లో పడుగు పోగులు నిలువుగా, పేక పోగులు అడ్డంగా, ఒకదానికొకటి లంబంగా నిలబడాలి. గట్టిగా లాగడం రెండో సంగతి. ముందు తిన్నగా, తర్వాత బిగువుగా. ఈ వరస తారుమారైతే ఎంత బలం పెట్టినా సరిచేయలేరు, పిన్నులు పీకి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

బ్యాఫిల్ వెనక వైపు నాలుగు అంచులకీ సరిగ్గా మధ్య బిందువులు గుర్తించి పెన్సిల్ గీతలు పెట్టండి. గుడ్డలో నడిమధ్య ఉన్న ఒక నిలువు పోగునీ, ఒక అడ్డ పోగునీ ఎంచుకుని వాటి చివర్ల దగ్గర చిన్న టేప్ ముక్కలు అంటించండి. గుడ్డని ముఖం కిందికి పరిచి, దాని మీద బ్యాఫిల్‌ని ముఖం కిందికే పెట్టండి. టేప్ గుర్తులు పెన్సిల్ గీతలకి కలవాలి. పై అంచు మధ్యలో ఒక పిన్ను కొట్టండి. తర్వాత కింది అంచు మధ్యలో గుడ్డని సాగదీయకుండా, ముడత పోయేంత వరకే లాగి ఇంకో పిన్ను. అలాగే ఎడమ మధ్య, కుడి మధ్య. ఈ నాలుగు పిన్నుల్నీ పూర్తిగా దిగనివ్వకుండా, స్టేపుల్ గన్‌ని చెక్కకి కొంచెం ఎడంగా పట్టి కొట్టండి. పీకాల్సి రావచ్చు.

చెక్కని ఎత్తి నిలబెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. దగ్గర నుంచి చూస్తే వంకర తెలియదు. నడిమి పోగు నిటారుగా ఉందా, పై అంచు దగ్గర ఒకే అడ్డ పోగు ఈ చివర నుంచి ఆ చివర దాకా అంచుతో సమాంతరంగా వెళ్తోందా? వెళ్తుంటేనే ముందుకి సాగండి.

ఇక్కడి నుంచి మధ్యలో మొదలై మూలల వైపు నడవాలి. పై అంచులో మధ్య పిన్నుకి కుడి పక్కన ఒకటి, వెంటనే దానికి ఎదురుగా కింది అంచులో ఒకటి. తర్వాత ఎడమ పక్కన, మళ్లీ దాని ఎదురు. ఆ తర్వాత పక్క అంచులకి వెళ్లి అదే వరస. ఒక అంచు మొత్తం పూర్తి చేసి రెండో అంచుకి వెళ్లకండి. అలా చేస్తే పిన్నుల మధ్య గుడ్డ అలలు అలలుగా వంగుతుంది, ఆ అలలు నేతలో స్పష్టంగా కనిపిస్తాయి. ప్రతి పిన్ను ముందూ గుడ్డని ఒక్క వేలితో కాకుండా నాలుగు వేళ్లూ పరిచి లాగండి. ఒక్క వేలితో లాగిన చోట నేత మొనదేలుతుంది. రెండు మూడు సెంటీమీటర్లకి ఒక పిన్ను సరిపోతుంది. పిన్నుని పోగులకి సమాంతరంగా కాకుండా కొద్దిగా ఏటవాలుగా కొడితే ఎక్కువ పోగుల్ని పట్టుకుంటుంది, జారదు.

దీనికి చెక్కలోకి కొట్టే స్టేపుల్ గన్ కావాలి, కాగితాలకి వాడే స్టేప్లర్ పనికిరాదు. పిన్ను పొడవు చెక్క మందం కన్నా తక్కువ ఉండాలి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ బ్యాఫిల్‌కి 8 లేదా 10 మిల్లీమీటర్ల పిన్ను హాయిగా సరిపోతుంది. సన్నటి ఫ్రేమ్ అయితే 6 చాలు. సగం దిగి ఆగిన పిన్నుల్ని చిన్న సుత్తితో కొట్టి చెక్కకి సమం చేయండి. తర్వాత గణగణలాడేవి అవే.

బిగువు ఎంత ఉండాలి? వేలితో మధ్యలో నొక్కి వదిలితే గుడ్డ వెంటనే తిరిగి సమతలానికి రావాలి, నొక్కిన గుంట మిగలకూడదు. అంతకు మించి లాగితే రెండు నష్టాలు. గీతలు అంచుల దగ్గర విల్లులా వంగుతాయి. సన్నటి ఫ్రేమ్ మీద వేస్తున్నట్టయితే ఆ లాగుడుకి ఫ్రేమే మధ్యలో లోపలికి వంగి, తిరిగి పెట్టెలో సరిగ్గా కూర్చోదు. మరీ వదులుగా వదిలితే స్పీకర్ గాలి తాకిడికి గుడ్డ కదిలి చెక్కకి తగులుతూ చప్పుడు చేస్తుంది.

ప్లాస్టిక్ పోగుల గుడ్డకి ఒక వెసులుబాటు ఉంది. పిన్నులన్నీ కొట్టాక చిన్న ముడతలేవైనా మిగిలితే హెయిర్ డ్రయర్‌తో ఒక జానెడు దూరం నుంచి, చెయ్యి ఆపకుండా తిప్పుతూ వేడి చేయండి. పోగులు కొద్దిగా కుంచించుకుని గుడ్డ తనంతట తానే బిగుస్తుంది. ముందు కత్తిరించగా మిగిలిన ముక్క మీద ప్రయత్నించండి, ఎందుకంటే ఎక్కువ వేడికి ఇదే గుడ్డ కరిగి ముద్దవుతుంది. రంగులు ఊడబెరికే హీట్ గన్ దీనికి మరీ ఎక్కువ. నూలు గుడ్డకి ఈ పద్ధతి పనిచేయదు. వంకరగా కొట్టిన గుడ్డని కూడా వేడి తిన్నగా చేయదు, ఆ వంకరలోనే బిగిస్తుంది.

మూలలు చివరికి వదిలిపెట్టండి. అక్కడ గుడ్డ రెండు మూడు పొరలవుతుంది, ఆ మందమే బ్యాఫిల్‌ని పెట్టెలోకి పోనివ్వదు. పాత గుడ్డలో మూల ఎలా కత్తిరించారో చూసి అలాగే చేయండి. నమూనా చెడిపోయి ఉంటే మూల మొనని వెనక్కి మడిచి ఒక పిన్ను కొట్టి, రెండు వైపుల రెక్కల్ని దాని మీదికి మడిచి, లోపల మిగిలిన గుడ్డని కత్తిరించేయండి. కత్తెర మాత్రం చెక్క అంచుకి ఒక సెంటీమీటరు కన్నా దగ్గరికి రాకూడదు.

జిగురు గురించి అడగలేదు కానీ, స్ప్రే జిగురుతో గుడ్డని బ్యాఫిల్‌కి అతికించమని ఎవరైనా చెప్తారు. ఒప్పుకోకండి. అది నేత సందుల్లోంచి పైకి ఊరి మరకలు కడుతుంది, సందుల్ని మూసేస్తుంది, మళ్లీ ఎప్పుడైనా గుడ్డ మార్చాల్సి వస్తే గీకలేక చేతులు నొప్పెడతాయి. వెనక మడతల మీద, పోగులు ఊడకుండా చెక్క జిగురు సన్నగా రాసుకోవడంలో తప్పు లేదు.

పేరు పలక తిరిగి పెట్టడానికి గుడ్డ మీద నుంచి డ్రిల్ వేయొద్దు. తిరిగే బిట్ ఒక పోగుని పట్టుకుందంటే గుడ్డ అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగేస్తుంది, అప్పటిదాకా చేసినదంతా పోతుంది. దబ్బనంతో పోగుల్ని పక్కకి జరిపి దారి చేసి, ఆ సందులోంచి స్క్రూని చేత్తో తిప్పండి. గుడ్డ వేయకముందే చెక్కలో పాత రంధ్రాలు ఎక్కడున్నాయో అంచుల నుంచి కొలిచి రాసుకుంటే వెతుక్కునే పని ఉండదు.

తిరిగి బిగించేటప్పుడు బ్యాఫిల్ పెట్టెలోకి బిగుతుగా పోతుంటే సుత్తితో కొట్టకండి, ఏ మూల ఒత్తుతోందో చూసి అక్కడి మడతని పలచన చేయండి. స్పీకర్ బోల్టుల్ని ముందు అన్నిటినీ వేళ్లతో తిప్పి కూర్చోబెట్టి, తర్వాత ఎదురెదురు వాటిని జతలు జతలుగా బిగించండి. గట్టిగా ఆగేంత చాలు. బలం చూపిస్తే స్పీకర్ ఫ్రేమ్ మెలి తిరిగి, కోన్‌ని కదిలించే తీగచుట్ట (కాయిల్) లోపల రాసుకుంటుంది. బోల్టు చివర గానీ వాషర్ గానీ గుడ్డని లోపల నుంచి పొడుస్తోందేమో చూడండి. వైర్లు గుర్తుల ప్రకారం పెట్టండి. ఒకే స్పీకర్ ఉన్నప్పుడు ప్లస్ మైనస్ తారుమారైనా పాడయ్యేది ఏమీ లేదు. రెండు స్పీకర్లుంటే మాత్రం ఒకటి ముందుకి, ఇంకొకటి వెనక్కి కదిలి బేస్ మాయమవుతుంది. స్పీకర్ కనెక్షన్ గట్టిగా ఉందని చేత్తో లాగి చూసుకున్నాకే ప్లగ్ పెట్టండి.

మొదట తక్కువ వాల్యూమ్‌లో వినండి. తర్వాత మీరు మామూలుగా వాయించే స్థాయికి పెంచి, అన్నిటికన్నా లావు తీగ మీద, అంటే దాదాపు 82 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఫ్రెట్ పైకి వెళ్తూ ప్రతి స్వరాన్నీ పూర్తిగా మోగనివ్వండి. ఏదో ఒక స్వరం దగ్గర మాత్రమే గరగరమని వినిపిస్తే అక్కడే ఆగి, ఇంకొకరిని ఆ స్వరం వాయిస్తూ ఉండమని, మీరు వేలితో గుడ్డ అంచుల్ని, పేరు పలకని, ముందువైపు పట్టీల్ని ఒక్కొక్కటిగా నొక్కండి. ఏది నొక్కితే చప్పుడు ఆగిందో అదే వదులు. పేరు పలక వెనక చిన్న ఫోమ్ ముక్క పెడితే చాలాసార్లు సరిపోతుంది. గుడ్డే బ్యాఫిల్‌కి తగిలి కొట్టుకుంటుంటే, వేరే ఫ్రేమ్ ఉన్న రకంలో ఫ్రేమ్‌కి బ్యాఫిల్‌కి మధ్య పలచటి ఫోమ్ పట్టీ అంటించి కొంచెం ఎడం చేయండి. వెనక పలక స్క్రూల వల్ల వచ్చే చప్పుడు కూడా ముందు నుంచే వస్తున్నట్టు వినిపిస్తుంది, కాబట్టి కొత్త గుడ్డని అనుమానించి పిన్నులు పీకేముందు వెనక స్క్రూలన్నీ ఒకసారి బిగించి చూడండి.